తీగ లేని బంధం తెగిపోతే...

పాత బొమ్మకారు చక్రాలు, రెండు చిన్న మోటార్లు, వాటిని నడిపే డ్రైవర్, ఒక ఆర్డుయినో బోర్డు. ఈపాటి సామగ్రితో నేడు పాఠశాల విద్యార్థులు సైతం ఇంట్లోనే రోబోను తయారు చేయగలుగుతున్నారు. అది కదలగానే, దూరం నుంచి నడిపించాలన్న కోరిక సహజంగానే కలుగుతుంది. ఈ కోరిక కొత్తదేమీ కాదు. 1898లోనే నికోలా టెస్లా న్యూయార్క్‌లో ఒక చిన్న పడవను రేడియో తరంగాలతో నడిపించి చూపారు.

ఇంటి అవసరానికి హెచ్‌సీ-05 అనే బ్లూటూత్ మాడ్యూల్ సరిపోతుంది. ఇది 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలపై పనిచేస్తూ దాదాపు 10 మీటర్ల దూరం వరకు ఆదేశాలను అందుకుంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్‌తో చక్కగా కలుస్తుంది, ఐఫోన్‌తో కలవదు.

అమరికలో నాలుగు విషయాలు గమనించాలి. ఒకటి, బోర్డు పంపే తీగ (టీఎక్స్) మాడ్యూల్ అందుకునే తీగకు (ఆర్‌ఎక్స్) చేరాలి. మాడ్యూల్ టీఎక్స్ బోర్డు ఆర్‌ఎక్స్‌కు చేరాలి. రెండు, ఆర్డుయినో ఊనో 5 వోల్టుల సంకేతం పంపుతుంది. మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కు తగినది 3.3 వోల్టులే. అందుకని బోర్డు టీఎక్స్‌కూ మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కూ నడుమ 1 కిలోఓమ్, ఆర్‌ఎక్స్‌కూ గ్రౌండ్‌కూ నడుమ 2 కిలోఓమ్‌ల రెసిస్టర్లు పెట్టాలి. మూడు, మోటార్లకు వేరే బ్యాటరీ ఇచ్చి, గ్రౌండ్ తీగలన్నిటినీ ఒకచోట కలపాలి. లేకుంటే మోటార్లు తిరగడం మొదలవగానే వోల్టేజి పడిపోయి సంబంధం తెగిపోవచ్చు. నాలుగు, బోర్డులోని 0, 1 పిన్‌లు వాడితే, ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు మాడ్యూల్ తీగలను తీసివేయాలి. ఫోన్‌తో జతపరచేందుకు సాధారణంగా 1234 అనే అంకె అడుగుతుంది. అది అందరికీ తెలిసినదే కనుక మార్చుకోవడం మేలు.

ఇంతవరకు చాలామంది చేస్తారు. అసలు జాగ్రత్త దీని తర్వాతే ఉంది. ‘ముందుకు’ అన్న ఆదేశం అందుకున్న రోబో ‘ఆగు’ అన్న మరో ఆదేశం వచ్చేదాకా సాగిపోతూనే ఉంటుంది. ఈలోగా ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా, రోబో గోడ అవతలికి వెళ్లినా, ఆ రెండో ఆదేశం ఎన్నటికీ చేరదు. ఎదురుగా మెట్లుండవచ్చు, పాకే పసిబిడ్డ ఉండవచ్చు.

కనుక మౌనాన్నే ‘ఆగు’ అన్న ఆదేశంగా రోబోకు నేర్పాలి. బటన్ నొక్కి ఉంచినంతసేపు సెకనుకు పదిసార్లు ఆదేశం పంపే యాప్‌ను ఎంచుకోవాలి. ఆదేశం అందిన ప్రతిసారీ ప్రోగ్రామ్ ఆ సమయాన్ని గుర్తుంచుకోవాలి; అర సెకను గడిచినా కొత్తది రాకపోతే మోటార్లను ఆపివేయాలి. ఇందుకు ‘మిల్లిస్’ను వాడాలి. ‘డిలే’ వాడితే ఆ కాసేపు బోర్డు ఏమీ గమనించదు. ప్రోగ్రామే స్తంభించే అవకాశం కూడా ఉంది గనుక బ్యాటరీ తీగలో చేతికందే స్విచ్ ఒకటి తప్పనిసరి.

తొలి పరీక్ష నేలమీద వద్దు. చక్రాలు గాలిలో తేలేలా రోబోను పుస్తకాలపై నిలిపి, చక్రాలు తిరుగుతుండగా ఫోన్ బ్లూటూత్‌ను ఆపివేయండి. చక్రాలు వెంటనే నిలిచిపోవాలి. పిల్లల రోబో ఎంత వేగంగా పరుగెడుతుందని అడిగే ముందు, పెద్దలు ఈ పరీక్షను చూపించమని అడగాలి. అందులో నెగ్గిన రోబోనే నేలమీదికి దించనివ్వాలి.