ఎదుటివారి సంచిలోకి చూపు
2021 మే 12న తెలంగాణలో లాక్‌డౌన్ మొదలై, ఉదయం 6 నుంచి 10 గంటల వరకు మాత్రమే సడలింపు దొరికిన రోజుల్లో, కిరాణా దుకాణాల ముందు సున్నంతో గీసిన వలయాల్లో నిలబడినవారు ముందున్నవారి సంచిలోకి తొంగిచూసి తీర్పులు చెప్పడం అన్యాయమైన అలవాటుగా పాకింది. తన సంచిలోని కరివేపాకు అవసరమనీ, ఎదుటివారి చేతిలోని మిక్చర్ పొట్లం షికారుకు గుర్తనీ తేల్చే బుద్ధిలో, 1977లో మనస్తత్వవేత్త లీ రాస్ పేరుపెట్టిన మౌలిక ఆరోపణ దోషం, అంటే ఇతరుల పనికి వారి పరిస్థితిని వదిలేసి స్వభావాన్నే కారణంగా చూపే పొరపాటు, స్పష్టంగా కనిపిస్తుంది. ఏ రోజు కూలి ఆ రోజు అందితేగాని బియ్యం కొనలేనివారు, ఇంట్లో ఫ్రిజ్ లేక పాల ప్యాకెట్టు కోసం రోజూ వచ్చేవారు బాధ్యత లేనివారిగా ముద్రపడగా, నెల సరుకులన్నీ ఒక్కసారే కారులో నింపుకోగలిగినవారు క్రమశిక్షణ గలవారయ్యారు. కొనుగోలు శక్తినే బాధ్యతగా లెక్కగట్టిన వీధి తీర్పు ఇది. మాస్కు దించి గుంపులో మాట్లాడేవారిని వారించవలసిందే, అందులో సందేహం లేదు. అయితే మందుల చీటీ మడిచి పట్టుకున్న ముసలమ్మను ఈ వయసులో బయటికెందుకని నిలదీసినవారు, ఆమె ఇంట్లో దుకాణానికి పంపడానికి మరో మనిషి ఉన్నారా అని మాత్రం అడగలేదు.