పేరు పడని పనివాడు

అరచేతిలో ఇమిడిపోయే నల్ల డబ్బా. మణికట్టు ఒక్కసారి విదిలిస్తే పైనున్న ఇత్తడి రంగు జాలీ మూత టక్కున లేస్తుంది. ఇంకేం, కాప్టెన్ కిర్క్ గారు ఆకాశంలో ఉన్న తన ఓడతో మాట్లాడేస్తారు! 1966లో అమెరికా టీవీలో మొదలైన 'స్టార్ ట్రెక్' సీరియల్లోని ఆ కమ్యూనికేటర్ అంటే నాకు మహా మోజు. ఇక అప్పటి అక్కడి పిల్లలు దానికోసం ఎంత ఉబలాటపడి ఉంటారో మీరే ఊహించుకోండి.

మరి వాళ్ళకి దొరికిందేమిటి? 1967లో రెమ్కో అనే బొమ్మల కంపెనీ తన దగ్గరున్న పాత బొమ్మలకే 'స్టార్ ట్రెక్' పేరు తగిలించి బజార్లోకి వదిలింది. అందులో ఓ టాంకు కూడా ఉంది. సీరియల్లో టాంకెక్కడిదండీ అంటారా? నన్నడక్కండి! 1974లో ఏఎమ్‌టీ వారి కిట్ వచ్చింది. ఫేజర్ తుపాకీ, కమ్యూనికేటర్, ట్రైకార్డర్... మూడూ ముక్కలు ముక్కలుగా ఇస్తారు, మనమే అతికించుకోవాలి. రూపం బాగానే కుదిరింది గానీ సైజు అసలుకంటే చిన్నది. తర్వాత మెగో వారి కమ్యూనికేటర్లు వాకీటాకీలు. అవి నిజంగానే మాట్లాడేవి, కాకపోతే రంగు నీలం! షూటింగులో వాడిన డబ్బానే కొలిచి అచ్చుగుద్దినట్టు చేసినది, పైగా ఫోనుకు జతపడి మాట్లాడేది, వాండ్ కంపెనీ చేతుల మీదుగా 2016లో గాని రాలేదు.

అంతా బాగానే ఉంది. ఇంతమంది అచ్చుపోసి అమ్ముకున్న ఆ డబ్బాని మొదట చేసిందెవరు?

వా చాంగ్ అనే శిల్పి. 1917లో హోనొలులూలో పుట్టాడు. 1963 నాటి 'క్లియోపాత్రా'లో ఎలిజబెత్ టేలర్ తలమీది అలంకారం కూడా ఆయన చేతి పనే. అయితే ఆయన స్టూడియో పనివారి యూనియన్‌లో సభ్యుడు కాడు. యూనియన్ అభ్యంతరం పెట్టింది. దాంతో ఆయన చేసినవాటిని బయట కొన్న సామానులా లెక్క రాశారు. టైటిల్స్‌లో పేరు పడలేదు. అంతకుముందు 'ది టైమ్ మెషీన్' (1960) స్పెషల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ వచ్చినప్పుడూ అంతే! ఆ సినిమాకి ఆయనా పని చేశాడు, బహుమతి మీద మాత్రం వేరేవాళ్ళ పేర్లు. 2003లో ఆయన కన్నుమూశాడు.

కిర్క్ వేషం వేసిన విలియం షాట్నర్ పేరు మీకు తెలుసు. ఆయన చేతిలోని డబ్బా కూడా తెలుసు. ఆ మధ్యనున్న మనిషే తెలియడు.

అందుకే, ఈసారి హాల్లో టైటిల్స్ పడుతుంటే కబుర్లు కాసేపు కట్టిపెట్టి ఆ చిన్న అక్షరాలు చదవండి. అందులో కూడా చోటు దొరకనివాడు ఒకడుంటాడని గుర్తుంచుకోండి.

ఉంటాను మరి. వచ్చేవారం కలుద్దాం!