చెప్పిన మాట వినని పిల్ల

రెండేళ్ల కిందట ఒక మంగళవారం పొద్దున. ఎనిమిదీ ఇరవై అయింది. ఎనిమిదీ నలభైకి స్కూలు గేటు మూసేస్తారు. అప్పటికి మా అమ్మాయికి ఆరేళ్లు. యూనిఫాం వేసుకుని, బ్యాగు తగిలించుకుని, తలుపు దగ్గర కూర్చుని షూస్ కోసం చెయ్యి చాపింది. చాపిన చెయ్యి నేనూ చూశాను. అయినా నా నోరు ఊరుకోదు కదా! "షూస్ వేసుకో తల్లీ, టైమైపోయింది" అన్నాను.

ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఒక షూ వచ్చి గోడకి తగిలింది, రెండోది నాకు తగిలింది. తర్వాత నలభై నిమిషాలు అది డైనింగ్ టేబుల్ కింద దూరి ఒకటే ఏడుపు. నేనూ అరిచాను. ఒక దెబ్బ కూడా వేశాను. ఈ మాట రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. ఇలాంటి పొద్దుటిపూటలు గడిపే అమ్మలు మనలో ఇంకా ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. పోయిన ఉగాది వేడుకలో ఒకావిడ నన్ను హాలు బయటికి తీసుకెళ్లి, "మావాడు ఇదంతా కావాలనే చేస్తాడంటారా?" అని మెల్లగా అడిగింది. లోపల పాటలు, బయట చలి, ఆవిడ కళ్లలో నీళ్లు. సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ నెల ఆ జవాబు రాస్తాను.

మా అమ్మాయికి ఆటిజం ఉందని ఏడో ఏట తేల్చారు. రిపోర్టులో దానితోపాటు 'డిమాండ్ అవాయిడెంట్ ప్రొఫైల్' అని ఇంకో ముక్క ఉంది. దీన్నే పాథలాజికల్ డిమాండ్ అవాయిడెన్స్ అనీ, పొట్టిగా పి.డి.ఎ. అనీ అంటారు. ఈ పేరు పెట్టింది నాటింగ్‌హామ్ యూనివర్సిటీలో పనిచేసిన ఎలిజబెత్ న్యూసన్ అనే సైకాలజిస్టు, 1980లలో. తన దగ్గరికి వచ్చే పిల్లల్లో కొందరికి ఆటిజం లక్షణాలున్నా మిగతావాళ్లలా లేరని ఆవిడ గమనించింది. మాటకారులు, వేషాలు వేసి ఆడుకోవడం ఇష్టం, కానీ రోజువారీ పని ఏది చెయ్యమన్నా ఎలాగోలా తప్పించుకుంటారు. 2003లో ఆవిడ, తోటివాళ్లు కలిసి ఒక వైద్య పత్రికలో దీని గురించి వ్యాసం రాశారు.

డాక్టర్లు వాడే డి.ఎస్.ఎం.-5లోగానీ, ఐ.సి.డి.-11లోగానీ ఇది విడిగా లేదు. ఆటిజంలో ఇదొక తీరా, విపరీతమైన ఆందోళన వల్ల వచ్చే ప్రవర్తనా అని నిపుణులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. అందుకని మీ డాక్టరో, మీ స్కూలో "అలాంటిదేం లేదు" అంటే ఆశ్చర్యపోకండి. నేను పేరు కోసం పోట్లాడటం మానేశాను. "ఏ పేరైనా పెట్టండి, చెయ్యమంటే మా పిల్ల భయపడుతోంది. దానికేం చేద్దాం?" అని అడుగుతాను.

భయం అనే మాట కావాలనే వాడాను. డిగ్రీలో ఎడ్రినలిన్ మీద పది మార్కుల ప్రశ్న రాసినదాన్ని నేను. అపాయం ఎదురైతే గుండె వేగం పెరుగుతుంది, కండరాలకి రక్తం పరుగెడుతుంది. ఆ ప్రాణి తిరగబడుతుంది, పారిపోతుంది, లేదా కొయ్యబారిపోతుంది. ఈ మూడూ మా ఇంట్లో తలుపు దగ్గర వరసగా జరుగుతుంటే నేను మాత్రం "ఎంత పొగరు!" అనుకున్నాను. "వేసుకో" అన్న ఒక్క మాటతో తన చేతిలోంచి ఎవరో పగ్గాలు లాక్కున్నట్టు ఉంటుంది దానికి. షూస్ మీద దానికేం కోపం లేదు.

ఇష్టం లేని పనులకే ఇలా అవుతుందనుకోకండి. ఏడో పుట్టినరోజుకి నెల ముందునుంచీ కేకు బొమ్మ గీసుకుంది. ఆ రోజు వచ్చేసరికి పదిహేనుమంది చుట్టూ నిలబడి చప్పట్లు కొడుతుంటే, కత్తి అందుకోలేక మేడమీదికి పారిపోయింది. "అందరూ చూస్తున్నారమ్మా" అంది నాతో. ఎదురుచూపులు కూడా దానికి ఆజ్ఞే. "ఎంత బాగా వేశావో!" అని మెచ్చుకుంటే, మళ్లీ అంత బాగా వెయ్యాలన్న ఆజ్ఞ. ఆకలి ఒక ఆజ్ఞ, బాత్రూముకి వెళ్లాలన్న తొందర ఇంకో ఆజ్ఞ. అందుకే స్టిక్కర్లు, బహుమతులు మా ఇంట్లో పనిచెయ్యలేదు. అయిదు స్టిక్కర్లొస్తే బొమ్మ కొంటానన్న చార్టుని మూడో రోజున ముక్కలు చేసింది.

స్కూల్లో అడిగితే "మీ అమ్మాయి చాలా బుద్ధిమంతురాలు" అనేవాళ్లు. అదీ నిజమే. అక్కడ ఆరు గంటలు బిగబట్టుకుని కూర్చునేది. పొయ్యి అక్కడ, పాలు పొంగేది ఇక్కడ. "స్కూల్లో బాగానే ఉందంటున్నారంటే తేడా మీ పెంపకంలోనే ఉంది" అని ఎవరూ పైకి అనకపోయినా నాకు వినబడేది. ఆ చలికాలం అది పదకొండు వారాలు స్కూలుకి వెళ్లలేకపోయింది. బలవంతం పెంచేకొద్దీ చేసే పనులు కూడా ఒక్కొక్కటే మానేసింది. చివరికి పెరుగన్నం, బిస్కెట్లు తప్ప ఏమీ తినలేదు.

అప్పుడు నేను చేసిన మొదటి పని లెక్క పెట్టడం. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, మధ్యాహ్నం మూడున్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా నా నోటివెంట వచ్చే ఒక్కో ఆజ్ఞకీ ఒక్కో గీత పెట్టాను. రా, విప్పు, కడుక్కో, కూర్చో, తిను, ఆపు, తమ్ముడికివ్వు, మెల్లగా మాట్లాడు. మొత్తం డెబ్బై ఒకటి! మన ఇళ్లలో ప్రేమ కూడా ఆజ్ఞ రూపంలోనే వస్తుంది. "ఇంకొంచెం వేసుకో", "జాగ్రత్తగా వెళ్లు" అంటాం.

ఆ రాత్రి మావారూ నేనూ కూర్చుని, ఏవి తప్పదో చూసుకున్నాం. మూడే తేలాయి. రోడ్డు మీద చెయ్యి వదలకూడదు, వెలిగే పొయ్యి ముట్టుకోకూడదు, తమ్ముణ్ణి కొట్టకూడదు. జడ, బొట్టు, అందరితో కలిసి తినడం, వీడియో కాల్‌లో పలకరింపులు వదిలేశాం.

తర్వాత మాట తీరు మార్చాను. "రా, తిను" అనే బదులు "పప్పన్నం బల్లమీద పెట్టాను" అని చెప్పి నా పనిలో పడతాను. "కోటు వేసుకో" అనకుండా "అబ్బ, బయట గాలి కోసేస్తోంది" అంటాను. పళ్లు తోమాలంటే నేను మతిమరుపు డెంటిస్టునవుతాను, ఏ పన్ను ఎక్కడుందో అదే నాకు నేర్పాలి. ఇవన్నీ కొన్నాళ్లు బాగా పనిచేశాయి. ఆ తర్వాత ఒకరోజు నా మొహంలోకి చూసి, "అమ్మా, నువ్వు తినమనే చెప్తున్నావు కదా, వేరేలాగ" అంది.

పట్టేసింది! మాట మార్చాను గానీ లోపలి పట్టు వదల్లేదు, అది దానికి తెలిసిపోయింది. అన్నం బల్లమీద ఉందని చెప్పి, తినకపోయినా ఫర్వాలేదని నేను నిజంగా అనుకున్న రోజునే దాని భుజాలు కిందికి దిగేవి. నాకు అన్నిటికంటే కష్టమైంది ఇదే. ఇప్పటికీ రోజూ చేతకాదు.

"ఇలా వదిలేస్తే రేపు లోకం ఊరుకుంటుందా అమ్మాయ్?" అని మా అత్తయ్య ఫోన్‌లో అడిగారు. గారాబం చేసి పాడుచేస్తున్నానని ఆవిడ బాధ. ఆ ప్రశ్నని నేను కొట్టిపారెయ్యను, రాత్రుళ్లు నాకూ అదే ప్రశ్న. నేను చెప్పగలిగింది కళ్లతో చూసింది మాత్రమే. బలవంతం చేసిన నెలల్లో ఉన్నవి పోయాయి. తగ్గించాక ఒక్కొక్కటే తిరిగొస్తున్నాయి. ఇడ్లీ వచ్చింది, పార్కు వచ్చింది, ఇప్పుడు వారానికి మూడు పూటలు స్కూలు. నాలుగేళ్ల మా వాడు "అక్కకి చెప్పవు, నాకే చెప్తావు" అని మూతి ముడుస్తాడు. వాడికి ఇచ్చే జవాబు నాకింకా దొరకలేదు. ప్రస్తుతానికి ఆదివారం పొద్దున వాడూ నేనూ ఇద్దరమే బయటికెళ్తాం.

పోయిన ఎండాకాలం అత్తయ్య మా దగ్గరికి వచ్చారు. మొదటి వారం నానమ్మ దగ్గరికే వెళ్లలేదు మా పిల్ల. ఆవిడ నొచ్చుకున్నారు, కానీ పిలవడం మానేశారు. ఒకరోజు పొద్దున పెరట్లో బండల మీద బియ్యప్పిండితో చుక్కలు పెడుతూ తనలో తాను లెక్కపెట్టుకుంటున్నారు. "తొమ్మిదా? పదా? ఈ కళ్లద్దాలు పనికిరావు" అన్నారు. వెనకనుంచి "పది, నానమ్మా" అని వినబడింది. ఆవిడ తల తిప్పలేదు. "పదేనా? అయితే సరే" అని కొంచెం పక్కకి జరిగారు. అరగంట తర్వాత చూస్తే ఇద్దరి చేతులకీ పిండే. మా ఆవిడ ఏ పుస్తకమూ చదవలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు "రెండు తగిలిస్తే దారికొస్తుంది" అంటారు. ఆ రోజు మాత్రం నాకంటే బాగా చేశారు.

ఇక కాగితాల సంగతి. ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్లు ఈ.హెచ్.సి.పి., అంటే ఎడ్యుకేషన్, హెల్త్ అండ్ కేర్ ప్లాన్ గురించి తెలుసుకోండి. దాని అసెస్‌మెంట్ కోసం స్కూలే అడగాలని లేదు. తల్లిదండ్రులే లోకల్ అథారిటీకి రాయవచ్చు. ఆటిజం అని తేల్చిన కాగితం చేతికి రాకముందే అడగవచ్చు. అసెస్ చేస్తారో లేదో 6 వారాల్లో చెప్పాలి, ప్లాన్ ఇచ్చేటట్టయితే మొత్తం 20 వారాల్లో ఇవ్వాలి. గడువులు దాటిపోవడం మామూలే కాబట్టి ప్రతి ఉత్తరం తేదీ రాసిపెట్టుకోండి. కాదంటే ట్రిబ్యునల్‌కి వెళ్లే హక్కు ఉంది. వీసా మీద 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్' అని ఉంటే పిల్లలకిచ్చే డిసెబిలిటీ లివింగ్ అలవెన్సు తీసుకోకూడదు. కానీ ఈ.హెచ్.సి.పి. ఆ లెక్కలోకి రాదు. వీసాకి ఏమవుతుందోనని భయపడి దీన్ని అడక్కుండా ఉండిపోకండి. అమెరికాలో ఉన్నవాళ్లు ఐ.ఇ.పి. కోసం పిల్లని పరీక్షించమని స్కూలు వాళ్లని రాతపూర్వకంగా అడగండి. బ్రిటన్‌లోని పి.డి.ఎ. సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ స్కూలుకి ఇవ్వదగిన సమాచారం కూడా తయారుచేసి పెట్టింది.

ఇంట్లో ఇలాంటి పిల్లలు లేనివాళ్లకి ఒక చిన్న మనవి. మేము మీ ఇంటికొస్తే "ఆంటీకి నమస్తే చెప్పు", "ఒక పాట పాడు" అనకండి. మా పిల్ల సోఫా వెనకాల కూర్చుంటే కూర్చోనివ్వండి. మాకు సలహా చెప్పేకంటే ఒక గంట తమ్ముణ్ణి ఆడించండి. మమ్మల్ని పిలవడం మాత్రం మానకండి. రెండుసార్లు రాలేమన్నామని మూడోసారి పిలవని ఇళ్లు మాకు చాలా ఉన్నాయి.

ఉగాదినాడు అడిగిన చెల్లెమ్మా, మీవాడు కావాలని చెయ్యడం లేదు. మీరూ చెడ్డ తల్లి కాదు.

ఈ మంగళవారం స్కూలుకి బయల్దేరేటప్పుడు షూస్ తలుపు దగ్గర పెట్టి, తాళాలు తీసుకుని, ఏమీ అనకుండా కారు దగ్గరికి వెళ్లాను. నాలుగు నిమిషాలు పట్టింది. వట్టి కాళ్లతో, షూస్ చేత్తో పట్టుకుని వచ్చింది. కారెక్కాక, సగం దారిలో, వెల్‌క్రో అతికించుకుంటున్న చప్పుడు వినబడింది. అద్దంలోకి కూడా చూడలేదు నేను.