మాట పెరిగింది, చర్చ తరిగింది

ముస్లిం సమాజపు హక్కులను గురించిన సంభాషణ నేడు మసీదు వరండాలో కంటే వాట్సప్ గ్రూపుల్లోనే ఎక్కువగా సాగుతున్నది. ఈ సాధనం పల్లెలకు చేరిన తొలినాళ్లలో మేమెంతో సంతోషించాము. హైదరాబాదులో వెలువడిన ఉత్తర్వు ఆనాడే పాలంపేటకు చేరుతుందని, చదువుకున్నవారి విషయపరిజ్ఞానం చదువులేనివారికీ అందుతుందని ఆశించాము. ఆ ఆశ కొంత నెరవేరింది కూడా. 2021లో కరోనా రెండవ విడత విజృంభించినప్పుడు ఆక్సిజన్ సిలిండరు ఎక్కడ దొరుకుతుందో, ఖననానికి ఎవరు ముందుకు వస్తారో తెలిపినవి ఈ గ్రూపులే. ఆ మేలును మరువరాదు.

అయినా నేడు ఆ ఆశ సన్నగిల్లుతున్నదని చెప్పక తప్పదు. మనల్ని ద్వేషించేవారు మనపై విషం చిమ్మడం కొత్త కాదు. మా బాధ మనవారి గ్రూపుల గురించే. ఒక సోదరుడు స్కాలర్‌షిప్ దరఖాస్తు గురించి అడుగుతాడు. సమాధానం రాకముందే ఎవరో పాత వీడియో పంపుతారు. మరొకరు దానిపై ఆగ్రహిస్తారు. మూడవవారు మస్లక్ ప్రస్తావన తెస్తారు. రాత్రికి రెండు వందల సందేశాలు పేరుకుంటాయి. తెల్లవారేసరికి ఇద్దరు అలిగి గ్రూపు విడిచిపోతారు. అడిగిన ప్రశ్న మాత్రం అడుగున పడి ఉంటుంది.

ఇందువల్ల కలుగుతున్న నష్టం చిన్నది కాదు. నాలుగు శాతం రిజర్వేషన్ల సంగతే చూడండి. ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ వీటిని మతప్రాతిపదిక రిజర్వేషన్లని నిందిస్తారు. మన గ్రూపులు కోపంతో ఉడికిపోతాయి. కాని పి.ఎస్. కృష్ణన్ నివేదిక ఆధారంగా 2007లో వచ్చిన ఆ చట్టం ముస్లింలందరికీ వర్తించదని, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన 14 సమూహాలను మాత్రమే బీసీ-ఈగా గుర్తించిందని, సయ్యద్, పఠాన్, మొగల్ వంటి వర్గాలు అందులో లేవని ఎందరు చెప్పగలుగుతున్నారు? 2010లో హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసిందని, అదే సంవత్సరం సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలోనే మన పిల్లలు సీట్లు పొందుతున్నారని ఎందరికి తెలుసు? నిందకు నిందే బదులైతే అది నిందించినవానికే లాభం. ఈ నాలుగు వాస్తవాలు తెలిసిన యువకుడు ఒక్కడున్నా వాదన దారి మారుతుంది.

వక్ఫ్ విషయంలో ఇంతకంటే పెద్ద పాఠం ఉన్నది. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ చట్టం అమలులోకి వచ్చింది. జూన్ 6న కేంద్రం ఉమీద్ పోర్టల్‌ను ప్రారంభించి, వక్ఫ్ ఆస్తుల వివరాలన్నీ ఆరు నెలల్లో నమోదు చేయాలన్నది. ఆ చట్టాన్ని వ్యతిరేకించడం మన హక్కు. ఈ పత్రిక కూడా ఆ పక్షాననే ఉన్నది. అయితే నిరసన తెలుపుతూనే కాగితాలనూ సిద్ధం చేసుకోవలసి ఉండెను. ముతవల్లీ ఏ పత్రాలు జతపరచాలి, సర్వే నెంబరు పాత గెజిట్‌తో సరిపోకపోతే ఏమి చేయాలి, నమోదు చేసినదాన్ని వక్ఫ్ బోర్డు ఎన్ని అంచెల్లో పరిశీలిస్తుంది అన్నవి ఆ ఆరు నెలల్లో ప్రతి గ్రూపులోనూ చర్చకు రావలసిన ప్రశ్నలు. మేము చూసిన గ్రూపుల్లో వాటికి దక్కిన చోటు స్వల్పం. డిసెంబరు 1న సుప్రీంకోర్టు గడువు పొడిగించడానికి నిరాకరించి, ట్రిబ్యునల్‌ను ఆశ్రయించమన్నది. డిసెంబరు 6న పోర్టల్ మూతపడేనాటికి దేశం మొత్తం మీద ఐదు లక్షలకు పైగా ఆస్తుల నమోదు మొదలైనా, ఆమోదం పొందినవి అందులో సగం కూడా లేవు. ఒక ఊరి ఖబ్రస్తాన్ ఆ జాబితాలో లేకపోతే, మన గ్రూపుల్లో పోగుపడిన వేల సందేశాల్లో ఏ ఒక్కటీ దానికి సాక్ష్యంగా నిలువదు.

పాలంపేటవారికి సాక్ష్యం విలువ వేరుగా చెప్పనక్కరలేదు. రామప్ప దేవాలయాన్ని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడని నేడు నిస్సందేహంగా అనగలుగుతున్నామంటే, అక్కడి శాసనం ఆ మాట చెబుతున్నది గనుకనే. ఆ ఆలయాలను గురించి శ్రద్ధగా గ్రంథం రచించినవారు నిజాం ప్రభుత్వ పురావస్తు శాఖ అధిపతి గులాం యజ్దానీ. 1922లో భారత పురావస్తు శాఖ దానిని ప్రచురించింది. ఒక ముస్లిం అధికారి పరమతానికి చెందిన కట్టడాన్ని కళ్లారా చూసి, వివరాలు సేకరించి, ఆ తరువాతనే కలం పట్టాడు. సుమారు నూరేళ్ల తరువాత, 2021లో, యునెస్కో ఆ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. ముందు చూపు, తరువాత మాట అన్న ఈ క్రమం మన గ్రూపుల్లో తలకిందులైంది.

ఈ క్రమం మన ధర్మానికి కొత్తది కాదు. నమ్మదగనివాడు వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోవాలని, లేకుంటే తెలియక ఇతరులకు హాని చేసి పశ్చాత్తాపపడవలసి వస్తుందని దివ్య ఖుర్‌ఆన్‌లోని అల్ హుజురాత్ సూరా హెచ్చరిస్తున్నది. ఎగతాళిని, దుష్ట బిరుదులను, దురనుమానాన్ని, పరోక్ష నిందను నిషేధించినదీ ఆ సూరాయే. 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతి తెలంగాణ పల్లెల్లో ఎంత భయం రేపిందో మనకు తెలుసు. ఆ ఏడాదే వాట్సప్ సంస్థ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకసారికి ఐదు చాట్‌లకు మించి పంపకుండా కట్టడి చేసింది. యంత్రం సంఖ్యను కట్టడి చేయగలదు. నిజానిజాలు తేల్చవలసింది మనమే.

గ్రూపులను మూసివేయమని మేము కోరడం లేదు. ప్రతి గ్రూపు మూడు నియమాలు పెట్టుకుంటే చాలునని మా సూచన. మొదటిది, తేదీ, మూలం తెలియని సందేశాన్ని ముందుకు పంపరాదు. రెండవది, అడిగిన ప్రశ్నకు సమాధానం వచ్చేవరకు అందులో మరో విషయం కలపరాదు. మూడవది, నెలకొకసారి జుమా నమాజు తరువాత గంటసేపు ముఖాముఖి కూర్చుని, గ్రూపులో తేలని ఒక్క విషయాన్నైనా తేల్చుకోవాలి. ఆ కూర్పులో స్త్రీలకు చోటుండాలి. వితంతు పింఛను, ఆడపిల్ల చదువు వంటి ప్రశ్నలు అడగవలసినవారు గ్రూపుల రభసకు జడిసి మౌనంగా ఉండిపోతున్నారు.

ఎదుట కూర్చున్న మనిషిని దూషించడానికి నోరు రాదు. కాగితం చేతిలో ఉన్నప్పుడు గొంతు పెంచవలసిన అవసరమూ రాదు. వచ్చే జుమా నాటికి మీ ఊరి మసీదు, ఖబ్రస్తాన్, ఈద్గాల పత్రాలు ఎవరి వద్ద ఉన్నవో, పోర్టల్‌లో నమోదైనవో లేదో కనుగొనండి. ఆ ఒక్క సమాచారాన్ని మీ గ్రూపులో పెట్టండి. చర్చ అక్కడి నుండి మొదలుకావాలి, ఇన్‌షా అల్లాహ్.