మొసళ్ల బ్యాంకులో ఓ ఆడిటర్

‘నాన్నా... అది బొమ్మా?’

పాప అడిగినదాంట్లో తప్పేం లేదు. గోడకు అవతల, మడుగు గట్టున పడున్న మొసలి పది నిమిషాలుగా కదల్లేదు. నోరు బార్లా తెరిచి అలాగే ఉంది. పక్కనే మరొకటి. దాని వీపు మీద కాలేసి ఇంకొకటి. అవతల ఓ కుర్రాడు గులకరాయి ఏరుకోబోతుంటే కాపలాదారు ఈల వేశాడు.

‘బొమ్మ కాదమ్మా, నిజందే’ అన్నాడు తండ్రి. ఆ మాటలో ఉత్సాహం మాత్రం లేదు. హైదరాబాద్‌లో ఓ బ్యాంకులో ఆడిట్ చూసే ఉద్యోగం ఆయనది. చెన్నై నుంచి మహాబలిపురం వెళ్తూ దారిలో కారాపమన్నది ఆయన భార్య. ‘పిల్ల చూస్తుందండీ, ఓ గంటేగా’ అంది. టికెట్టు పెట్టి జంతువుల్ని చూపించే ప్రతిచోటా ఈమధ్య ‘సంరక్షణ’ అని బోర్డు పెట్టేస్తున్నారనీ, అది జూకి పెట్టుకున్న ముద్దుపేరేననీ ఆయన గట్టి నమ్మకం.

ఆ అనుమానం మంచిదే. పైగా ఇక్కడి పేరు కూడా ఆయనకు కలిసొచ్చేదే... మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్! బ్యాంకన్నాక ఖాతా ఉంటుంది. ఖాతా అన్నాక లెక్క చూడొచ్చు.

డిపాజిట్ ఎందుకు?
చెన్నైకి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన వడనెమ్మేలి దగ్గర 1976లో దీన్ని మొదలుపెట్టింది రోములస్ విటేకర్. అప్పటికి మన నదుల్లో మొసళ్లు దాదాపు అడుగంటాయి. చర్మం కోసం వేట, గుడ్ల కోసం వేట. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. 1975లో కేంద్రం మొసళ్ల ప్రాజెక్టు ప్రారంభించింది. నది ఒడ్డున పెట్టిన గుడ్లను జాగ్రత్తగా తీసుకొచ్చి పొదిగించడం, పిల్లలు కాస్త ఎదిగాక మళ్లీ నదిలో వదలడం... ఇదీ పథకం. చిట్టి మొసలిని కొంగలు తింటాయి, ఉడుములు తింటాయి, పెద్ద చేపలూ మింగేస్తాయి. మీటరు పైన పెరిగితే వాటి భయం ఉండదు.

ఒకవేళ నదుల్లో పూర్తిగా అంతరించిపోతే? తిరిగి వదలడానికి కొన్నయినా భద్రంగా ఉండాలి కదా! అందుకే బ్యాంకు.

వడ్డీ బాగానే వచ్చింది
మగ్గర్... అంటే మన చెరువుల్లో, నదుల్లో ఉండే మంచినీటి మొసలి. ఆడది ఒకసారికి పాతిక, ముప్ఫై గుడ్లు పెడుతుంది. ఈ బ్యాంకులో కడుపునిండా తిండి, భయంలేని బతుకు దొరికేసరికి కొన్ని ఏడాదికి రెండుసార్లు కూడా పెట్టాయి. ఇక్కడే ఇంకో వింత బయటపడింది. గుడ్డులోంచి వచ్చేది ఆడదో మగదో తేల్చేది వేడి! మగ్గర్ గుడ్లను 31 డిగ్రీల లోపు పొదిగిస్తే అన్నీ ఆడపిల్లలే. 32.5 దగ్గర మగపిల్లలు. పరిశోధకులు దీన్ని 1980ల్లోనే లెక్కకట్టారు. ఇసుక వేడెక్కితే మొసళ్ల సంసారం ఏమవుతుందన్నది ఇవాళ్టి ప్రశ్న కూడా.

ఇక్కడ పుట్టిన మగ్గర్‌లు వివిధ రాష్ట్రాలకు వెళ్లాయి. ప్రాజెక్టు తొలినాళ్లలో మొసళ్ల పెంపకంలో అటవీ సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ ఉన్నది మన హైదరాబాద్‌లోనే. సంగారెడ్డి దగ్గర మంజీరా జలాశయంలో ఈనాడు మగ్గర్‌లు ఎండ కాచుకుంటున్నాయంటే ఆనాటి పెంపకానిది అందులో పెద్ద పాత్రే.

ఇంతవరకూ చదివితే ఆడిటర్‌కి కూడా అభ్యంతరం ఉండదు. చిక్కంతా తర్వాతి పేజీలో ఉంది.

విత్‌డ్రాయల్స్ ఆగిపోయాయి!
1990ల్లో మొసళ్లను నదుల్లో వదలడం ఆగిపోయింది. కారణం... వదలడానికి చోటు లేదు. మొసలికి కావలసిన నీరే మనిషికీ కావాలి. చేపలు పట్టేది అక్కడే, బట్టలు ఉతికేది అక్కడే, గేదెల్ని కడిగేదీ అక్కడే. గుజరాత్‌లోని వడోదరలో అయితే ఊరి నడుమ పారే విశ్వామిత్రి నదిలోనే మగ్గర్‌లున్నాయి. వానాకాలం వరదొస్తే వీధుల్లోకి వచ్చేస్తాయి.

బయటికి పోయే దారి లేదు, లోపల గుడ్లు ఆగలేదు. మడుగులు నిండిపోయాయి. మొసలి దశాబ్దాల తరబడి బతుకుతుంది మరి! చివరికి కేంద్రమే గుడ్లు ఏరేయడం, ఆడవాటినీ మగవాటినీ వేరు చేయడం మొదలుపెట్టింది. అంతరించకుండా కాపాడటానికి పుట్టిన చోట పుట్టుకల్ని ఆపాల్సి వచ్చిందన్నమాట. ఇక్కడి నుంచి వెయ్యి మగ్గర్‌లను గుజరాత్‌లోని జామ్‌నగర్‌కు తరలించాలని నిర్ణయిస్తే వ్యవహారం కోర్టుకెక్కింది. 2022లో మద్రాస్ హైకోర్టు తరలింపునకు అడ్డు చెప్పలేదు.

‘చూశావా, నే చెప్పలా!’ అంటాడు మన ఆడిటర్. తొందరపడకూడదు. గుడ్లు ఏరేయడం పరాజయంలా కనిపిస్తుంది కానీ అది నిజాయతీ కూడా. పిల్లల్ని చూపించి టికెట్లు అమ్ముకోవడమే పని అయితే ఏ కేంద్రమూ పుట్టుకలు ఆపదు. చిట్టి పిల్లలకున్నంత గిరాకీ ముసలి మొసలికి ఉండదు కదా!

రెండు నదుల కథ
లోపలికి నడిస్తే సన్నటి పొడుగు మూతితో ఘరియల్ కనిపిస్తుంది. నూటికి పైగా పళ్లున్నా మనిషి జోలికి రాదు, చేపలే దాని ఆహారం. మగదాని మూతి చివర కుండలాంటి బుడిపె ఉంటుంది. హిందీలో ‘ఘడా’ అంటే కుండే, పేరు అలా వచ్చింది. 1975 తర్వాత వేల ఘరియల్ పిల్లల్ని పెంచి నదుల్లో వదిలారు. అయినా 2006 నాటికి దేశం మొత్తమ్మీద పిల్లల్ని కనే వయసున్నవి రెండొందల లోపే మిగిలాయి! 2007 చివర్లో మొదలై ఆ చలికాలంలోనే చంబల్ నదిలో వందకు పైగా చచ్చిపోయాయి. ఆనకట్టలు, ఇసుక తవ్వకాలు, వలలు... పిల్లల్ని ఇచ్చారు గానీ నదిని ఇవ్వలేకపోయారు. తర్వాత కాపలా పెరిగి చంబల్‌లో కాస్త కోలుకున్నాయి. ఇటీవలి లెక్కల్లో అక్కడ రెండు వేలు దాటాయి.

ఇక ఒడిశాలోని భితర్‌కనిక. 1970ల మధ్యలో అక్కడ ఉప్పునీటి మొసళ్లు వందలోపే. పెంచి వదలడం అక్కడా జరిగింది. ఇప్పుడు 1,800 దాటాయి. తేడా ఎక్కడుంది? అక్కడ మడ అడవి మిగిలింది. వదిలిన పిల్లకు వెళ్లడానికో ఇల్లు ఉంది.

బ్యాంకు ఎంత వడ్డీ ఇచ్చినా ఖర్చు పెట్టుకోవడానికి ఊళ్లో అంగడి ఉండాలి కదా. మొసలికి ఆ అంగడి పేరు నది.

ఏం అడగాలి?
కాబట్టి వన్యప్రాణి పెంపకం కేంద్రం ఏదైనా సరే, వెళ్లినప్పుడు ‘ఎన్ని పిల్లలు పుట్టాయి’ అని అడిగి ఊరుకోవద్దు. మూడు ప్రశ్నలు జేబులో పెట్టుకోండి. పుట్టినవి ఎక్కడికి వెళ్లాయి? వెళ్లినవాటిలో ఎన్ని బతికాయి? చోటు లేనప్పుడు పుట్టుకలు ఆపారా? జవాబు సూటిగా వస్తే టికెట్టు డబ్బులు దండగ కానట్టే. రాకపోతే మీరు చూసింది జూయే!

మధ్యాహ్నం ఎండ ముదిరింది. నోరు తెరిచిన మొసలి ఇంకా అలాగే ఉంది. లోపలి వేడి తగ్గించుకోవడానికే అలా తెరిచి ఉంచుతుందని అక్కడి బోర్డు మీద చదివి తండ్రి పాపకు చెప్పాడు.

‘మనూళ్లో కూడా ఉన్నాయా నాన్నా?’

‘మంజీరాలో ఉన్నాయట. మనింట్లో కుళాయికి వచ్చే నీళ్లు అక్కడివే.’

పాప కాసేపు ఆలోచించింది. ‘అయితే అవీ మనమూ ఒకే నీళ్లు తాగుతామా?’

ఆడిటర్ దగ్గర అభ్యంతరాలు అయిపోయాయి. ‘అవునమ్మా’ అన్నాడు. అంతలో మొసలి టపీమని నోరు మూసింది. పాప ఒక్క గెంతు గెంతి అమ్మ చీర పట్టుకుంది.