ఆపరేషను వద్దన్నారంటే ఆశ లేనట్టేనా?

ప్రశ్న: మా అమ్మకు 52 సంవత్సరాలు. ముట్లుడిగి నాలుగేళ్ళయింది. ఆరు నెలల నుంచి అప్పుడప్పుడు ఎర్రబట్ట కనిపిస్తున్నా వేడి చేసిందనుకుని ఊరుకుంది. ఇప్పుడు పెద్దాసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేసి, గర్భసంచి ముఖద్వారానికి కేన్సరు, రెండవ దశలో 'బి' అన్నారు. ఆపరేషను పనికిరాదు, కరెంటు పెట్టాలన్నారు. ముదిరిపోయింది కనుకనే ఆపరేషను వద్దన్నారని బంధువులు అంటున్నారు. మా టవునులో ఒక నర్సింగుహోము వారు వెంటనే గర్భసంచి తీసేస్తామంటున్నారు. ఏం చెయ్యమంటారు? కరెంటు పెట్టాక అమ్మ పక్కన మా పసివాణ్ణి పడుకోబెట్టవచ్చా?

– ఒక సోదరి (పేరు, ఊరు ప్రచురించవద్దన్నారు)

జవాబు: పెద్దాసుపత్రి డాక్టర్లు మీ అమ్మగారి మీద ఆశ వదులుకోలేదు. ఆ దశకు తగిన చికిత్సే చెప్పారు. టవునులో ఆపరేషనుకు ఒప్పుకోకండి.

జబ్బు ముఖద్వారం వరకే ఉన్నప్పుడు గర్భసంచిని, చుట్టూ ఉన్న కణజాలాన్ని, దగ్గరి లింఫు గ్రంథులను కలిపి తీసివేయవచ్చు. 'రెండు బి' అంటే జబ్బు ముఖద్వారం దాటి పక్క కణజాలంలోకి పాకిందన్నమాట. అప్పుడు గర్భసంచి ఒక్కటీ తీసేస్తే పాకిన జబ్బు లోపలే మిగిలిపోతుంది. పైగా లోపలి రేడియేషను ఇచ్చే గొట్టాన్ని గర్భసంచిలోనే అమర్చాలి. దాన్ని ముందే తీసేస్తే తర్వాతి చికిత్స కూడా కష్టమవుతుంది.

ఆపరేషనే మేలేమోనన్న సందేహం మీ బంధువులకే కాదు, డాక్టర్లకూ వచ్చింది. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో ఇటువంటి 635 మంది స్త్రీలను రెండు వర్గాలుగా విడదీశారు. ఒక వర్గానికి ముందు మందులతో గడ్డను తగ్గించి పెద్ద ఆపరేషను చేశారు. రెండవ వర్గానికి రేడియేషను, దానితోపాటు వారం వారం సిస్‌ప్లాటిన్ ఇంజెక్షను ఇచ్చారు. 2018లో ఫలితాలు ప్రకటించారు. ఐదేళ్ళపాటు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు ఆపరేషను వర్గంలో నూటికి 69 మంది, రేడియేషను వర్గంలో 77 మంది. ఐదేళ్ళకు బ్రతికి ఉన్నవారు రెండు వర్గాల్లోనూ నూటికి దాదాపు 75 మంది. ఇది ఆశలేని జబ్బు ఎలా అవుతుంది?

మనవాళ్ళు కరెంటు అంటారు గాని అది విద్యుత్తు కాదు. షాకు కొట్టదు. ఎక్సురే వంటివే, కాని చాలా శక్తిగల కిరణాలు. వారానికి ఐదు రోజుల చొప్పున సుమారు ఐదు వారాలు బయటి నుంచి ఇస్తారు. తర్వాత కొన్ని విడతలు లోపలి నుంచి ఇస్తారు. మొత్తం చికిత్స ఎనిమిది వారాల్లో ముగియాలి. చాలామంది రెండు మూడు వారాలకే రక్తం ఆగగానే నయమైందనుకుని ఊరికి వెళ్ళిపోతారు. పండగనీ పెళ్ళనీ మానేస్తారు. ఇదే ప్రాణం మీదికి తెస్తుంది. మధ్యలో ఆపితే మిగిలిన కేన్సరు కణాలు మళ్ళీ పెరుగుతాయి.

విరేచనాలు, మూత్రంలో మంట, నీరసం రావచ్చు. డాక్టరుకు చెబితే మందులిస్తారు. చికిత్స మానకూడదు. రక్తం తక్కువగా ఉంటే ముందే సరిచేయించండి.

బయటి నుంచి ఇచ్చిన కిరణాలు ఒంట్లో నిలవవు. లోపలి చికిత్సకు ఇప్పుడు సాధారణంగా వాడే యంత్రాల్లో కిరణాలిచ్చే పదార్థం పని కాగానే తిరిగి యంత్రంలోకి వెళ్ళిపోతుంది. పసివాణ్ణి నిశ్చింతగా అమ్మమ్మ పక్కన పడుకోబెట్టండి. ఇది అంటువ్యాధీ కాదు.

ప్రశ్న: నా వయస్సు 36. ముఖద్వారం కేన్సరు మొదటి దశలోనే ఉంది, గడ్డ రెండు సెంటీమీటర్ల లోపే అన్నారు. నాకు ఆపరేషను మంచిదా, రేడియేషనా?

జవాబు: తొలి దశలో రెండూ నయం చేస్తాయి. ఇటలీలో 343 మందిపై జరిపిన పరిశోధనలో (1997) ఏ చికిత్స పొందినవారైనా ఐదేళ్ళ తర్వాత నూటికి 83 మంది బ్రతికి ఉన్నారు. అయితే ఆపరేషను అయినవారిలో చాలామందికి తర్వాత రేడియేషను కూడా అవసరమైంది. రెండూ పడితే బాధలు ఎక్కువ. మీ గడ్డ చిన్నది కనుక ఆపరేషనుతోనే సరిపోయే అవకాశం బాగా ఉంది. మీ వయస్సులో అండాశయాలను ఉంచే వీలూ ఉంటుంది. రేడియేషనయితే సాధారణంగా అవి పనిచేయడం మానేసి ముట్లు ఆగిపోతాయి. కేన్సరు ఆపరేషన్లలో అనుభవమున్న సర్జను చేతనే చేయించుకోండి. చిన్న రంధ్రాలతో చేస్తామంటే ఆలోచించండి. 2018లో వెలువడిన పరిశోధనలో పొట్ట కోసి చేసినవారికంటే అలా చేసినవారిలో జబ్బు ఎక్కువగా తిరగబెట్టింది.

పాఠక సోదరీమణులకు ఒక మాట. ముట్లుడిగాక రక్తం కనిపించినా, దాంపత్యం తర్వాత రక్తం కనిపించినా, వాసనతో తెల్లబట్ట అవుతున్నా వేడి అనుకుని కూర్చోకండి. సిగ్గుపడకుండా ఆ వారమే డాక్టరుకు చూపించుకోండి.