చుట్టీపై ఇంటికి వచ్చే సిపాయి

భీమ్‌గల్ ప్రాంతంలో ‘చుట్టీ’ అనే మాటకు అర్థం చెప్పవలసిన పని లేదు. దుబాయి నుండో, మస్కట్ నుండో కొడుకు చుట్టీపై వస్తున్నాడంటే ఆ ఇంటి గోడకు సున్నం పడుతుంది, వాయిదా పడిన పెళ్లికి తారీఖు కుదురుతుంది. ఆర్మూర్‌లో దిగి, వేల్పూర్ మీదుగా వచ్చే బస్సు కోసం పెట్టెలతో నిలబడిన యువకుని చూస్తే, ఇతడు ఎన్నేళ్లకు వచ్చాడో, ఎన్ని రోజులు ఉంటాడో మనకు చూపులోనే తెలిసిపోతుంది. అదే బస్సులో అప్పుడప్పుడు మరొక యువకుడు ఎక్కుతాడు. అతని వద్ద నల్లని ట్రంకు పెట్టె, జేబులో రైల్వే వారెంటు, సెలవు పత్రం ఉంటాయి. అతడు సైన్యం నుండి చుట్టీపై వచ్చినవాడు. ఈ నెల మన ఆలోచన అతని గురించి.

గల్ఫ్ నుండి వచ్చినవాని సెలవును యజమాని కుదించవచ్చు. సిపాయి సెలవును యుద్ధం కుదిస్తుంది. 2025 మే నెలలో సరిహద్దు మండినప్పుడు దేశమంతటా సెలవులో ఉన్న సైనికులకు వెంటనే తిరిగి రావలసిందిగా ఆదేశాలు అందాయి. పెళ్లి పందిళ్ల నుండి, ఆసుపత్రి మంచాల పక్క నుండి లేచి వెళ్లినవారు ఎందరో. ఆ మే 9న శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ వద్ద ప్రాణమిచ్చాడు. మరునాడు బీహార్‌కు చెందిన సరిహద్దు భద్రతా దళ సబ్ ఇన్‌స్పెక్టర్ ముహమ్మద్ ఇమ్తియాజ్ జమ్మూ సరిహద్దులో అమరుడయ్యాడు. అంతకు కొద్ది రోజుల ముందే, ఏప్రిల్ 24న, బెంగాల్‌కు చెందిన హవల్దార్ ఝంటూ అలీ షేక్ ఉధంపూర్ అడవుల్లో నేలకొరిగాడు. మనకు ఇది దూరపు వార్త కాదు. మన పొరుగున వేల్పూర్ మండలం కోమన్‌పల్లికి చెందిన ర్యాడ మహేశ్ 2020 నవంబర్ 8న మాఛిల్ సెక్టారులో మరణించాడు. ఇరవై ఆరేళ్ల ఆ బిడ్డ త్రివర్ణ పతాకం కప్పుకొని ఇంటికి వచ్చిన దృశ్యం ఈ ప్రాంతం ఇంకా మరచిపోలేదు.

ఇంటిదారి పట్టి, ఇల్లు చేరలేకపోయిన మరొక సిపాయిని ఇక్కడ తలచుకోవాలి. రైఫిల్‌మన్ ఔరంగజేబ్ పూంఛ్ జిల్లా మేంఢర్ ప్రాంతంలోని సలానీ గ్రామస్థుడు. తండ్రి కూడా సైన్యంలో పనిచేసినవారే. 44 రాష్ట్రీయ రైఫిల్స్‌లో పనిచేస్తున్న ఔరంగజేబ్‌కు 2018 రంజాన్ చివరి రోజుల్లో ఈద్ కోసం సెలవు దొరికింది. జూన్ 14న శిబిరం నుండి ఒక ప్రైవేటు వాహనంలో బయలుదేరాడు. చేతిలో ఆయుధం లేదు. దారిలో సాయుధులు వాహనాన్ని ఆపి అతణ్ణి ఎత్తుకుపోయారు. ఆ సాయంత్రం పుల్వామా జిల్లాలో బుల్లెట్లు దిగిన అతని దేహం దొరికింది. ఈద్‌కు రావలసిన కొడుకు జనాజాగా వచ్చాడు. ప్రభుత్వం అతనికి మరణానంతరం శౌర్యచక్ర ప్రకటించింది. మరుసటి సంవత్సరం జూలైలో అతని సోదరులిద్దరు సైన్యంలో చేరారు.

దానికి ఏడాది ముందు, 2017 మే నెలలో, కుల్గాం జిల్లా యువకుడు లెఫ్టినెంట్ ఉమర్ ఫయాజ్ బంధువుల పెళ్లి కోసం సెలవుపై షోపియాన్ వచ్చి, పెళ్లి ఇంటి నుండే అపహరణకు గురై హతుడయ్యాడు. ఈ హత్యలు చేసినవారు ధర్మం పేరు పలికారు. ఉపవాసంతో ఇంటికి వెళ్తున్న నిరాయుధ ముసాఫిర్‌ను చంపడానికి ఏ ధర్మమూ అనుమతించదు. ప్రయాణికునికి నమాజును కుదించుకునే వెసులుబాటును, ఉపవాసాన్ని వాయిదా వేసుకునే సౌలభ్యాన్ని, జకాత్ నిధిలో వాటాను ఇచ్చిన ధర్మం మనది. ఈ మాటను మనం మెత్తగా చెప్పి ఊరుకోకూడదు. మస్జిదు మెట్ల మీద, మదర్సా తరగతిలో, మన ఇళ్లలో స్పష్టంగా చెప్పాలి.

సిపాయి సెలవుకు మన చరిత్రలో గొప్ప గౌరవం ఉన్నది. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతూ, యుద్ధానికి వెళ్లిన భర్త కోసం ఒంటరిగా పరితపిస్తున్న ఒక స్త్రీ గొంతు విన్నారని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. ఆయన తన కుమార్తె హజ్రత్ హఫ్సా (రజి) వద్దకు వెళ్లి, భర్త లేకుండా భార్య ఎంత కాలం ఓర్చుకోగలదని అడిగారు. కొన్ని ఉల్లేఖనాల్లో నాలుగు నెలలని, కొన్నింటిలో ఆరు నెలలని జవాబు కనిపిస్తుంది. ఆ గడువును మించి ఏ సైనికుణ్ణీ ఇంటికి దూరంగా ఉంచరాదని ఖలీఫా ఆదేశించారు. సైనికుని సెలవు భార్యకు, తల్లిదండ్రులకు, పిల్లలకు ఉన్న హక్కు అని ఆ ఆదేశం అర్థం. నేడు అగ్నివీరులకు సంవత్సరానికి 30 రోజుల సెలవే నిర్ణయించారు. సాధారణ సిపాయికి వార్షిక, క్యాజువల్ సెలవులు కలిపి 90 రోజుల వరకు ఉంటాయి. ఒకే కందకంలో నిలబడే ఇద్దరి తల్లులకు ఇంత తేడా ఎందుకని పాలకులను అడగడం దేశద్రోహం కాదు.

ఇల్లు చేరిన సిపాయికి అక్కడ ఏమి ఎదురవుతున్నది? 2015 సెప్టెంబర్ 28 రాత్రి ఉత్తరప్రదేశ్‌లోని దాద్రీ సమీపాన బిసాహడా గ్రామంలో ముహమ్మద్ అఖ్లాక్‌ను ఒక మూక ఇంట్లో చొరబడి కొట్టి చంపింది. ఆయన పెద్ద కుమారుడు ఆనాడు చెన్నైలో భారత వాయుసేన ఉద్యోగి. దేశ గగనాన్ని కాపాడే దళంలో కొడుకు ఉన్నాడు, తండ్రికి మాత్రం సొంత ఇంటి తలుపు రక్షణ ఇవ్వలేదు. 2019 మే నెలలో అస్సాంలో, సుమారు ముప్పై సంవత్సరాలు సైన్యంలో పనిచేసి విరమణ పొందిన ముహమ్మద్ సనావుల్లాను విదేశీయుల ట్రిబ్యునల్ విదేశీయుడని ప్రకటించింది. ఆయనను నిర్బంధ శిబిరంలో ఉంచారు. జూన్‌లో గౌహతి హైకోర్టు మధ్యంతర బెయిలు ఇచ్చిన తరువాతే ఆయన ఇంటికి వచ్చారు. ముప్పై ఏళ్ల సేవ తరువాత ఆయన చేసిన ఇంటి ప్రయాణం అది.

ఇటువంటి ఘటనలు జరిగినప్పుడల్లా మనం ఒక జాబితా తీస్తాం. 1948లో బ్రిగేడియర్ ఉస్మాన్, 1965లో అబ్దుల్ హమీద్, 1999లో కెప్టెన్ హనీఫుద్దీన్ అని వేళ్ల మీద లెక్కపెట్టి, ‘ఇంకేమి రుజువు కావాలి’ అని అడుగుతాం. నేనూ సభల్లో ఎన్నోసార్లు అలా అడిగాను. ఇప్పుడు ఆ అలవాటు పొరపాటని తోస్తున్నది. ఆ వీరులను స్మరించడం మన బాధ్యత. వారి సమాధులను మన పౌరసత్వానికి రసీదులుగా చూపడం మాత్రం వారికీ, మనకూ అగౌరవం. అఖ్లాక్ కొడుకు వాయుసేనలో లేకపోయినా ఆ హత్య అంతే ఘోరం. సనావుల్లా సిపాయి కాక పసుపు కల్లంలో కూలీ అయినా, కాగితంలో ఒక్క తప్పు కారణంగా ఆయనను నిర్బంధించడం అంతే అన్యాయం. రాజ్యాంగం 14వ అధికరణం చట్టం ముందు సమానత్వాన్ని ఇచ్చేటప్పుడు మీ ఇంటి నుండి ఎవరు సైన్యంలో ఉన్నారని అడగలేదు. రక్తం చెల్లించి హక్కు కొనుక్కోవలసి వస్తే, రక్తం చెల్లించని ఇంటికి హక్కు లేదని మనమే ఒప్పుకున్నట్లు అవుతుంది. ఆ ఉచ్చులో మనం పడరాదు.

ఇక మన చేతిలో ఉన్న పని గురించి. ముందుగా నా తప్పు చెప్పాలి. కార్గిల్ యుద్ధం సాగుతున్న 1999 వేసవిలో నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాను. తండ్రి చనిపోతే సెలవుపై వచ్చిన ఒక సిపాయి విరాసత్ కాగితం కోసం మా కౌంటరుకు వచ్చాడు. సంతకం పెట్టవలసిన అధికారి క్యాంపులో ఉన్నారు, ఫైలు మరొకరి బల్ల మీద ఉన్నది. ‘రేపు రా బాబూ’ అని ఎనిమిది రోజులు చెప్పాను. తొమ్మిదో రోజు అతడు రాలేదు, తల్లి వచ్చింది. సెలవు అయిపోయిందని, ఆ రాత్రే బండెక్కాడని చెప్పింది. ఆ యువకుని మతమేమిటో ఇక్కడ చెప్పనవసరం లేదు. నేను దోచుకున్నది డబ్బు కాదు, ఒక తల్లి తన కొడుకుతో గడపవలసిన ఎనిమిది రోజులు. యుద్ధం ముగిసిందని తెలిసిన నాడు నేను చేసిన మొదటి దుఆ అతని గురించే.

నాడు నాకు తెలియని చట్టాలు నేడు పాఠకులకు చెబుతున్నాను. సైనిక చట్టం, 1950లోని 32వ సెక్షన్ ప్రకారం, వ్యాజ్యం కోసం సెలవు పొందిన సైనికుడు సైనికాధికారి ధ్రువపత్రంతో దరఖాస్తు చేస్తే, న్యాయస్థానం వీలైనంతవరకు ఆ సెలవు గడువులోనే విచారణ ముగించేందుకు ఏర్పాటు చేయాలి. భారత సైనికుల వ్యాజ్య చట్టం, 1925 యుద్ధ పరిస్థితుల్లో ఉన్న సైనికునికి తెలియకుండా, అతని తరఫున ఎవరూ లేకుండా కేసు నడవకుండా రక్షణ ఇస్తుంది. నిజామాబాద్‌లో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉన్నది. సైనికుల, మాజీ సైనికుల కుటుంబాలు దాని తలుపు తట్టవచ్చు. ఈ సంగతులు తెలియక మన బస్తీల్లో ఎన్నో కుటుంబాలు దళారుల చుట్టూ తిరుగుతున్నాయి.

అందుచేత ప్రతి మస్జిదు కమిటీకి, ప్రతి యువజన సంఘానికి మా విన్నపం ఇది. మీ బస్తీ నుండి సైన్యంలో ఉన్నవారెవరో తెలుసుకోండి. వారి తల్లిదండ్రుల కాగితాల్లో పేర్లు, పుట్టిన తేదీలు సరిపోలుతున్నాయో చూడండి. కొడుకు వచ్చేలోపు కార్యాలయాల పని మీరే పూర్తి చేయించండి, అతని చుట్టీ అతని ఇంటికే మిగలాలి. సైన్యంలో చేరాలనుకునే పిల్లలకు ‘మనల్ని ఎవరు తీసుకుంటారు’ అని నిరాశ నేర్పకండి. పరుగుకు మైదానం, పరీక్షకు పుస్తకం సమకూర్చండి. పొరుగున ఏ మతపు సిపాయి వచ్చినా వెళ్లి సలామో, నమస్కారమో చెప్పి క్షేమం అడగండి. కోమన్‌పల్లి తల్లి దుఃఖం, సలానీ తల్లి దుఃఖం ఒకటే.

మూడు దుఆలు తిరస్కరణకు గురికావని దైవప్రవక్త (స) బోధించారు. ప్రయాణికుని దుఆ, బిడ్డ కోసం తండ్రి చేసే దుఆ, బాధితుని దుఆ. చుట్టీపై బయలుదేరిన సిపాయి ఇంట్లో మొదటి రెండూ ఒకే రాత్రి అల్లాహ్ సన్నిధికి చేరుతాయి. ఆ ఇంటి నుండి మూడవ దుఆ లేవవలసిన అవసరం రాకుండా చూడడం పాలకుల బాధ్యత, పొరుగువారి బాధ్యత, మన బాధ్యత.